ఉమ్మెత్తకాయ – నరాల కబురు



అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటాం, నములుతాం, మింగుతాం. మన పెత్తనం అంతవరకే. గొంతు దిగిన తరువాత ఆ ముద్ద మన మాట వినదు. కడుపులో దాన్ని పిసికేదెవరు, ఇరవై అడుగుల చిన్నపేగు పొడుగునా మెల్లమెల్లగా ముందుకు తోసేదెవరు, మనం ఆదమరచి నిద్రపోతున్నా ఆ పని ఆగకుండా చేయించేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి లోకంలో నూరేళ్ళకు పైగానే పట్టింది. ఆ కథలో కప్పలున్నాయి, గినీపందులున్నాయి, ఉన్న ఊరు విడిచి పోవలసి వచ్చిన ఒక డాక్టరమ్మ ఉంది, గోదావరి ఒడ్డున చదువుకున్న మన తెలుగువాడొకాయన ఉన్నాడు. మన పెంటదిబ్బల మీద ఎవరూ నాటకుండానే మొలిచే ఉమ్మెత్త కూడా ఉంది.

ఇదంతా డాక్టర్లకు కావలసిన సంగతి, మనకెందుకమ్మా అంటారేమో. పత్తి చేలల్లో మందు కొట్టే రోజుల్లో, మిరపతోటలకు పురుగు పట్టిన రోజుల్లో మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఆస్పత్రుల ముందు కాసేపు నిలబడి చూడండి. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి ఎవరో ఒకర్ని మోసుకొస్తూనే ఉంటారు. నోటి వెంట నురగ, ఒళ్ళంతా చెమట, కడుపులో మెలిపెట్టే నొప్పి, కంటిపాప చూస్తే గుండుసూది మొనంత. అలా వచ్చిన మనిషి ఒంట్లో ఏం జరుగుతున్నదో తెలియాలంటే, ఈ కథ మొదటి నుంచీ తెలుసుకోవలసిందే.

మన ఒంట్లో కండరాలు ముఖ్యంగా రెండు తెగలు. చెయ్యి ఎత్తమంటే ఎత్తేవి, నడవమంటే నడిచేవి ఒక తెగ. సూక్ష్మదర్శినిలో చూస్తే వాటి మీద అడ్డచారలు కనబడతాయి. మన ఆజ్ఞకు లోబడనివి రెండో తెగ. వాటికి చారలుండవు కనుక నునుపు కండరాలన్నారు. పిల్లల పుస్తకాల్లో అనియంత్రిత కండరాలని రాస్తారు. కడుపు, పేగులు, మూత్రాశయం, గర్భాశయం, రక్తనాళాల గోడలు, ఊపిరి పోయే సన్నని గొట్టాలు, ఆఖరికి కంటిపాపను చిన్నదీ పెద్దదీ చేసే పల్చని వలయం, అన్నీ ఈ రెండో తెగవే. గుండె కండరం మాత్రం వీటిలో ఎందులోనూ చేరక తనదారి తనదిగా ఉంటుంది. బయట నలుగురికీ కనబడేది మొదటి తెగ బలం. లోపల రాత్రింబగళ్ళు చాకిరీ చేసేది రెండో తెగ. ఇల్లు నడిపే ఆడవాళ్ళకు ఇది వేరే విడమర్చి చెప్పాలా!

ఇక ఉమ్మెత్త. ఉమ్మెత్తగింజ తిన్నవాడికి పిచ్చెక్కుతుందని మన పల్లెల్లో తెలియనివారు లేరు. నోరు ఎండిపోతుంది, కంటిపాప విచ్చుకుంటుంది, మూత్రం బిగుస్తుంది, మతి చలించి గాలిలో లేనివాటిని పట్టుకోబోతాడు. అయితే మన వైద్యులు దాని ఆకును ఎండబెట్టి, పొగ పీల్పించి, ఉబ్బసానికి వాడేవారు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ పెద్ద డాక్టరుగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ ఈ వైద్యం చూసి జనరల్ జెంట్ అనే సైనికాధికారికి చెప్పగా, ఆయన 1802లో దాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా తెల్లదొరలు ఉబ్బసానికి ఉమ్మెత్త చుట్టలు కాల్చారు. అటు ఇటలీలో ఉమ్మెత్తకు చుట్టమైన మరో మొక్క ఉండేది. దాని రసం కళ్ళలో వేసుకుంటే కంటిపాపలు పెద్దవై అందంగా కనిపిస్తాయని అక్కడి ఆడవాళ్ళు వాడేవారట. అందుకే దానికి 'అందగత్తె' అనే అర్థం వచ్చేలా బెల్లడోనా అని పేరు. అందం కోసం అగచాట్లు పడటం మన ఒక్కరికే పరిమితం కాదన్నమాట. ఈ రెండు మొక్కల్లో ఉండే ముఖ్యమైన మందు పేరు అట్రోపిన్. కళ్ళ డాక్టరు పరీక్షకు ముందు కంట్లో చుక్కలు వేసి కూర్చోబెడతాడే, అవి ఈ కుటుంబానికి చెందినవే.

కన్ను, ఊపిరిగొట్టం, మూత్రాశయం, పేగు. ఒకదానికొకటి పొంతన లేని ఇన్ని చోట్ల ఒక్క మొక్క రసం ఎలా పనిచేస్తున్నది? పెద్దపెద్దవాళ్ళు చాలాకాలం తల పట్టుకున్నది ఇక్కడే.

నరాల్లో పారేది ఒక రకం కరెంటేనని 1791లోనే ఇటలీ పండితుడు గాల్వానీ కప్పకాళ్ళతో చేసిన పరీక్షలు ప్రకటించి లోకాన్ని నమ్మించాడు. 1899లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనే బావాబావమరుదులు పేగు కదలికలను గమనించి, ముద్దకు వెనకవైపు పేగు బిగుసుకుంటుందనీ, ముందువైపు వదులవుతుందనీ, బయటి నరాలు తెంచేసినా పేగు గోడలో ఉన్న సొంత నరాల అల్లికే ఆ పని చేయిస్తుందనీ రాశారు. బాగానే ఉంది. కాని నరం చివర నుంచి కండరంలోకి కబురు ఎలా దాటుతుంది? తీగ నుంచి తీగకు కరెంటు దూకినట్టు దూకుతుందా, లేక నరం చివర ఏదైనా రసం ఊరి కండరాన్ని తాకుతుందా?

దీని మీద పెద్ద తగవే జరిగింది. రసం అనేవాళ్ళను 'చారు' వాళ్ళనీ, కరెంటు అనేవాళ్ళను 'నిప్పురవ్వ' వాళ్ళనీ శాస్త్రజ్ఞులు తమలో తాము వేళాకోళం చేసుకునేవారు. చారు వాళ్ళ పక్షాన 1921లో ఆస్ట్రియా దేశంలో ఆటో లోవీ గట్టి రుజువు చూపించారు. ఉప్పునీళ్ళలో కొట్టుకుంటున్న రెండు కప్పగుండెలు తీసుకున్నారు. ఒకదాని నరాన్ని కరెంటుతో కదిలిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీళ్ళు తీసి, నరమే తాకని రెండో గుండె మీద పోస్తే, అదీ నెమ్మదించింది! కబురు నీళ్ళలో ఉందన్నమాట. ఈ పరీక్ష ఆయనకు కలలో తట్టిందట. మొదటి రాత్రి లేచి కాగితం మీద గిలికింది పొద్దున్నే చదవబోతే ఏమీ అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్ళీ అదే కల వస్తే, ఇక కాగితాన్ని నమ్ముకోకుండా నేరుగా ప్రయోగశాలకు నడిచారు. ఆ రసమే అసిటైల్‌కోలిన్. దాని గుణాలన్నీ 1914లోనే హెన్రీ డేల్ అనే ఇంగ్లీషాయన రాసిపెట్టారు. ఇద్దరికీ కలిపి 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండేళ్ళకు నాజీలు లోవీని దేశం నుంచి వెళ్ళగొడుతూ ఆ బహుమతి సొమ్ము కూడా లాక్కున్నారు.

ఉమ్మెత్త చిక్కు ఇక్కడ విడిపోయింది. కన్నులోనూ, పేగులోనూ, ఊపిరిగొట్టంలోనూ నరం ఇచ్చే కబురు అసిటైల్‌కోలినే. నునుపు కండరం మీద ఆ కబురు అందుకునే గుమ్మాలుంటాయి. అట్రోపిన్ వెళ్ళి ఆ గుమ్మాలకు అడ్డంగా కూర్చుంటుంది. నరం ఎంత అరిచినా కండరానికి వినబడదు.

మరి కబురు చెప్పడం అయిపోయాక ఆ రసం ఏమవుతుంది? అక్కడే ఉంటే కండరం బిగిసినది బిగిసినట్టే ఉండిపోవాలి కదా. దాన్ని వెంటనే విరగ్గొట్టే ఎంజైము ఒకటి అక్కడే ఉంటుంది. అంట్లు పడ్డవి పడ్డట్టు తోమేసే మనిషి లాంటిదనుకోండి. 1926లో లోవీ, ఆయన శిష్యుడు నవ్రాతిల్ కలిసి, ఆఫ్రికాలో దొరికే ఒక చిక్కుడుగింజ విషం ఈ ఎంజైమును పనిచెయ్యనివ్వదని కనిపెట్టారు. ఇది చిన్న సంగతిగానే కనబడింది. పదేళ్ళకు, 1936 డిసెంబరులో, జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ కంపెనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పంటపురుగుల కోసం కొత్త మందు వెతుకుతూ ఒక పదార్థం తయారుచేశాడు. అది పడి ఆయన కంటిపాపలే కుంచించుకుపోయాయి, చూపు మసకబారింది, ఊపిరి ఆడలేదు. సరిగ్గా అదే ఎంజైమును కట్టిపడేసే మందది! సైన్యం దాన్ని మనుషుల్ని చంపే విషవాయువుగా తీసుకుంది. దాని చెల్లెళ్ళు పంటమందులయ్యాయి. ఆర్గానోఫాస్ఫరస్ మందులని డబ్బాల మీద రాసేవి ఆ సంతానమే. మోనోక్రోటోఫాస్ వంటి పేర్లు మన రైతు ఇళ్ళల్లో పిల్లలకు కూడా నోటికొచ్చు.

ఆ మందు ఒంట్లోకి పోతే అంట్లు తోమే మనిషి లేని ఇల్లవుతుంది శరీరం. అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. నునుపు కండరాలు చాలావరకు ఒక్కసారిగా బిగుస్తాయి: కంటిపాప చిన్నదవుతుంది, ఊపిరిగొట్టాలు మూసుకుపోతాయి, పేగులు మెలితిప్పుతాయి, మూత్రం ఆగదు. గ్రంథులన్నీ ఊరి నోరూ ముక్కూ రొమ్మూ నీళ్ళతో నిండుతాయి. చారల కండరాలు కూడా ముందు అదిరి, తరువాత చచ్చుబడతాయి. మనిషిని చంపేది ఎక్కువగా ఊపిరి ఆడకపోవడమే.

ఉమ్మెత్త తిన్నవాడి లక్షణాలు ఒకసారి గుర్తు చేసుకోండి. అన్నీ దీనికి తలకిందులు! అందుకే ఆస్పత్రిలో డాక్టరు మొదట పట్టుకునేది అట్రోపిన్ సూదినే. రొమ్ములో గరగర తగ్గి ఊపిరి తేలికపడేదాకా, మోతాదు రెట్టింపు చేసుకుంటూ, మళ్ళీమళ్ళీ ఇస్తారు.

వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రి లెక్కలు 2005లో ఒక వైద్యపత్రికలో వచ్చాయి. 1997 నుంచి 2002 దాకా ఆరేళ్ళలో పురుగుమందు విషంతో అక్కడ చేరినవారు 8,040 మంది. నూటికి ఇరవై ఇద్దరికి పైగా బ్రతకలేదు. అంటే పద్దెనిమిది వందల పై చిలుకు ప్రాణాలు, ఒక్క ఆస్పత్రిలో. అందులో ఎక్కువమంది పొరపాటున మింగినవారు కారు, తెలిసి తాగినవారు. పత్తి దెబ్బతీసిన సంవత్సరాలవి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు అప్పులతో సహా చేలను మీదేసుకుని ఎలా బ్రతికారో ఏ వైద్యపత్రికా రాయలేదు.

కాబట్టి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మందు ఒంటి మీద పడినా, నోట్లోకి పోయినా, తడిసిన బట్టలు విప్పించి ఒళ్ళు సబ్బునీళ్ళతో కడగండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించబోకండి. 108కి ఫోను చేసి, మందు డబ్బాను కూడా వెంట తీసుకుపోండి. విరుగుడు ఉమ్మెత్తలోనే ఉందని విన్నాం కదా అని ఇంట్లో ఉమ్మెత్త రసం మాత్రం పొయ్యకండి. ఒక్కో మొక్కలో ఒక్కో పాళ్ళు, ఆకులో ఒకటి, గింజలో ఒకటి. రెండు విషాలు కలిపితే ఏది మనిషిని తీసుకుపోతుందో ఎవరు చెప్పగలరు?

సరే, చారు వాళ్ళు గెలిచారు. మరి నిప్పురవ్వ మాటేమిటి? రసం గుమ్మం తట్టాక కండరం లోపల జరిగేదేమిటో చూసినవారిలో ముందుగా చెప్పుకోవలసింది ఒక స్త్రీ. ఆమె పేరు ఎడిత్ బ్యుల్‌బ్రింగ్. 1903లో జర్మనీలో బాన్ నగరంలో పుట్టింది, డాక్టరు చదివింది. తల్లి యూదు వంశస్థురాలు కావడం వల్ల 1933లో బెర్లిన్‌లో ఉద్యోగం పోగా, ఇంగ్లండు చేరింది. ఆక్స్‌ఫర్డులో ఆమె ఎంచుకున్న పని నునుపు కండరం. ఆ రోజుల్లో దాన్ని ముట్టుకునేవారే తక్కువ. ఎందుకంటే చారల కండరం పోగు లావుగా ఉంటుంది, చెప్పినట్టు వింటుంది. నునుపు కండరం కణమో, మన తలవెంట్రుకలో పదోవంతు మందం కూడా ఉండదు. పైగా ఒకచోట నిలవదు, ఎప్పుడూ మెదులుతూనే ఉంటుంది. అలాంటి దానిలో గాజుసూది గుచ్చాలి. గాజుగొట్టాన్ని వేడిచేసి సాగదీస్తే మొన మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా సన్నగా వస్తుంది; అందులో ఉప్పునీరు నింపితే అదే కరెంటు కొలిచే తీగ. ఆ సూదిని కణం విరగ్గొట్టకుండా లోపల నిలపడం ఎంత ఓపిక పనో, కదిలే బిడ్డ చెవి కుట్టించిన తల్లులకు తెలుస్తుంది. 1950లలో బ్యుల్‌బ్రింగ్ ఆ పని సాధించింది. కణం లోపలికీ బయటికీ యాభై, అరవై మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. మన టార్చిలైటు బ్యాటరీలో పాతికోవంతన్నమాట. 1958లో ఆమెను రాయల్ సొసైటీ సభ్యురాలిగా ఎన్నుకున్నారు. 1990లో కన్నుమూసింది.

ఆమె దగ్గర పని నేర్చుకున్నవారిలో మాలీ హాల్మన్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి, జెఫ్రీ బర్న్‌స్టాక్ అనే లండను యువకుడు ఉన్నారు. ఇద్దరూ తరువాత మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కలిశారు. అక్కడ గినీపంది వీర్యనాళం మీద పరీక్షలు చేశారు. రేడియోలో చెప్పడానికి మొహమాటమేమీ లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషనులో మగవాళ్ళకు కత్తిరించే నాళమే అది. (మనవైపు ఆ ఆపరేషను మగవాళ్ళు చేయించుకోవడం ఎంత అరుదో మీకూ తెలుసు.) దాని నరాన్ని ఒకసారి కరెంటుతో తడితే, కండరకణంలో చిన్న విద్యుత్తు అల లేచి పడిపోయింది. కండరం కదల్లేదు. వెంటవెంటనే తడితే అల మీద అల ఎక్కి, ఒక గీత దాటగానే భగ్గున పెద్ద రవ్వ లేచి కండరం బిగిసింది. పొద్దున్నే పిల్లవాణ్ణి లేపడం లాంటిదే ఇది. ఒకసారి పిలిస్తే కాస్త కదిలి మళ్ళీ పడుకుంటాడు. ఆ మగత పోకముందే మళ్ళీ పిలుస్తూ పోతే లేచి కూర్చుంటాడు. 1960లో మొదటి కబురుగా, 1961లో పూర్తి వ్యాసంగా వారిద్దరూ దీన్ని ప్రకటించారు. నరం నుంచి నునుపు కండరానికి కబురు దాటే క్షణాన్ని కణం లోపల నుంచి చూడటం అదే మొదలు. చారే నిప్పురవ్వను రాజేస్తున్నదని తేలింది.

ఇంకో వింత. చారల కండరానికి నరం వచ్చి అతుక్కుని ఆగిపోతుంది. నునుపు కండరంలో అలా కాదు. నరం నల్లపూసల దండలా పూసపూసగా ఉబ్బి, కణాల పక్కనుంచి సాగిపోతుంది. ప్రతి పూస నుంచీ రసం చిమ్ముతుంది. దగ్గరున్న కణానికి నేరుగా అందుతుంది. దూరాన ఉన్నవాటికి ఇరుగుపొరుగు కణాల మధ్య ఉండే సన్నని కన్నాల గుండా విద్యుత్తు పాకుతుంది. కాన్పు దగ్గరపడే కొద్దీ గర్భాశయం కండరంలో ఇలాంటి కన్నాలు విపరీతంగా పెరుగుతాయని 1977లో కనుగొన్నారు. నొప్పులు వచ్చినప్పుడు గర్భాశయం మొత్తం ఒక్కమాట మీద బిగిసేది అందువల్లే. పేగుల్లోనైతే నరం పిలవకపోయినా తాళం వేసే కణాలు వేరే ఉన్నాయి. కడుపుకు నిమిషానికి సుమారు మూడు, చిన్నపేగు మొదట్లో సుమారు పన్నెండు తాళాలు. నరం చేసేది ఆ తాళాన్ని హెచ్చించడం, తగ్గించడం.

1960ల మొదట్లో బర్న్‌స్టాక్ బృందం మరో పరీక్ష చేసింది. పేగు కండరానికి అట్రోపిన్ వేసి ఒక కబురు మూశారు. అడ్రినలిన్ జాతి కబురును ఇంకో మందుతో మూశారు. అప్పటికి తెలిసిన కబుర్లు రెండే. ఇప్పుడు నరాన్ని తడితే ఏమీ జరక్కూడదు. జరిగింది! కండరం వదులయింది. మూడో కబురు ఉందన్నమాట. చాలా ఏళ్ళు గాలించి 1970లో అది ఎ.టి.పి. అని చెప్పి, 1972లో పెద్ద వ్యాసం రాశారు బర్న్‌స్టాక్. శాస్త్రలోకం నవ్వింది. ఎందుకంటే ఎ.టి.పి. అంటే ప్రతి కణంలో ఉండే పొయ్యిలో కట్టె. కట్టె వెళ్ళి కబురు చెబుతుందా? ఇరవై ఏళ్ళపాటు చాలామంది నమ్మలేదు.

ఆ ఎ.టి.పి.ని కండరంలో మొదట పట్టుకున్నవారిలో ఒకరు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టి, మన భద్రాద్రి దాటిన గోదావరి పోయి తాకే రాజమండ్రిలో చదువుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయనకూ ఆ జబ్బే వచ్చి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో బ్రతికారు. మద్రాసులో వైద్యం చదివి, ఇల్లాలు శేషగిరమ్మను ఇక్కడే ఉంచి అమెరికా వెళ్ళారు, మళ్ళీ తిరిగి రాలేదు. ఆయన గొప్పతనం చెప్పేవారు ఆమె ఎదురుచూపును ఒక వాక్యంలో దాటేస్తారు. నేనూ ఇప్పుడు అంతకన్నా ఎక్కువ చెప్పలేకపోతున్నాను. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. తరువాత లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందమే 1945లో ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది అక్కరకొచ్చింది. గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఐరన్ మాత్రలోనూ ఇవాళ ఉన్నది. 1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే పోయారు.

1960లో హాల్మన్, బర్న్‌స్టాక్ వీర్యనాళంలో చూసిన ఆ చిన్న అల అడ్రినలిన్ జాతి కబురు వల్ల లేచిందనే అప్పట్లో అనుకున్నారు. 1980లలో పరీక్షిస్తే ఆ అల ఎ.టి.పి. లేపినదని తేలింది. 1994లో ఎలుక వీర్యనాళం నుంచే, ఎ.టి.పి. కబురు అందుకునే గుమ్మాన్ని విడదీసి చూపించారు. అప్పటికి సుబ్బారావుగారు పోయి నలభై ఆరేళ్ళు.